మంచం కోడుకు కట్టిన కాలు

లాజరు మా పెద్దమ్మ కుడికాలిని గడప మీద పెట్టించి, ఆ పాదం మీద ఎక్కి నిలబడ్డాడు. ఆదివారం, చర్చి వదిలి జనం ఇళ్ళకు మళ్ళే వేళ. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని, ఒంటి బరువంతా మడమల మీదకు తెచ్చి, కొంచెం లేచి మళ్ళీ దిగుతూ, "ఈ కాలేనా? ఇదేనా తన్నింది?" అని అడిగాడు. అతను మా పెద్దమ్మ బేబికి భర్త. రొయ్యల చెరువుల్లో వల లాగే మనిషి. నీళ్ళతో నిండిన వల లాగి లాగి ఎద్దులా బలిసిన భుజాలు.

వీధిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. మా నాన్న ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో టీ గ్లాసుతో ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. కదలకపోవడానికి వాళ్ళ దగ్గర కారణం ఉంది. ఆ ఉదయమే లాజరు చర్చి బయట చొక్కా ఎత్తి, పక్కటెముకల మీద కమిలిన మచ్చ అందరికీ చూపించాడు. పెళ్ళాం తన్నిన మచ్చ. మా వైపు పొరపాటున చిన్నపిల్లాడికి కాలు తగిలినా వాణ్ణి తాకి చెయ్యి కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికి తగిలినా, చీపురుకు తగిలినా అంతే. అలాంటిది ఒక ఆడది మొగుణ్ణి పక్కలో తన్నింది. కాబట్టి ఆ గడప మీద జరుగుతున్నది వాళ్ళ లెక్కలో కొట్లాట కాదు, న్యాయం. నేనూ అక్కడే ఉన్నాను. నాకు ఇరవై రెండేళ్ళు, చేతులు రెండూ బాగానే ఉన్నాయి. ఆ మాట ఇంతటితో వదిలేస్తాను.

పెద్దమ్మ అరవలేదు. పళ్ళు బిగించి ఓర్చుకుందని అనుకున్నాం. అది ఓర్పు కాదని ఆరు నెలల తర్వాత తెలిసింది. అప్పటికే ఆ పాదంలో సగం చచ్చిపోయి ఉంది. లాజరు తొక్కుతున్నాడని ఆవిడ కళ్ళతో చూసి తెలుసుకుంది గానీ కాలితో కాదు.

భీమవరం దాటి ఆరు కిలోమీటర్లు వస్తే మా పేట. చుట్టూ చెరువులే. నాలుగు పక్కలా నీళ్ళుండీ తాగడానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటాం. మగవాళ్ళు చెరువుల మీదికి, ఆడవాళ్ళు షెడ్డుకి వెళ్తారు. షెడ్డంటే రొయ్యల తలలు తీసేచోటు. పొడుగాటి స్టీలు బల్లలు, వాటి మీద ఐసు, ఐసులో రొయ్యలు, కింద మడమ మునిగేంత నీళ్ళు. రబ్బరు బూట్లు వేసుకుని ఉదయం ఆరు నుంచి నిలబడాలి. అక్కడ కూర్చుని చేసే పని లేదు. నిలబడగలిగినన్నాళ్ళే పని. లాజరు కూలి సాయంత్రానికి సీసాలోకి పోతుంది కాబట్టి ఆ ఇల్లు పంతొమ్మిదేళ్ళు పెద్దమ్మ నిలబడిన కాళ్ళ మీద నడిచింది. కూతురు వినీల చదువు, పెళ్ళి, ఇంటి రేకులు, అన్నీ. అందుకే చెప్తున్నాను, ఆవిడకి కాళ్ళంటే కాళ్ళు మాత్రమే కాదు.

మనిషి మాత్రం నోరున్న మనిషి. నవ్వితే షెడ్డు అవతలికి వినిపిస్తుంది. భోజనాల వేళ బయట అరుగు మీద కూర్చుంటే ఆవిడ కుడికాలు దానంతటదే ఆడుతూ ఉండేది. దాంతో తోటివాళ్ళు కుట్టుమిషను బేబి అని పేరు పెట్టారు. "జాకెట్లు తెచ్చుకోండే, ఊరికే తొక్కుతున్నాను గదా, కుట్టిపెడతాను," అనేది.

షుగరు ఉందని నలభై నాలుగో ఏట బయటపడింది. మా పేట ఆశా కార్యకర్త నాగదుర్గ వేలు పొడిచి చూసి, పెద్దాసుపత్రికి వెళ్ళమంది. పెద్దమ్మ వెళ్ళి మాత్రలు తెచ్చుకుంది. ఉన్నప్పుడు వేసుకుంది, అయిపోయినప్పుడు మానేసింది. ఆ తర్వాత ఏడాదికో ఏమో కాళ్ళ గొడవ మొదలైంది. పగలు ఏమీ ఉండదు. పొద్దు వాలి, పనంతా అయి, నడుం వాల్చగానే మొదలు. నొప్పి కాదు అనేది. ఎముక లోపల చీమల పుట్ట పగిలినట్టు ఉంటుందిరా, లేచి నాలుగడుగులు వేస్తే పోతాయి, పడుకుంటే మళ్ళీ వస్తాయి అనేది. సిమెంటు గచ్చు మీద నీళ్ళు పోసి అరికాళ్ళు ఆనించేది. పాత చీర చింపి పిక్కలకు బిగించి చుట్టేది. భీమవరం నుంచి బస్సులో వస్తూ సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేది. చీకటి పడ్డాక కాలవగట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేది. ఒంటరిగా గట్టు మీద నడిచే ఆడదాని గురించి మా పేట ఏమనుకుంటుందో చెప్పక్కర్లేదు. అది లాజరు చెవిన వేసిన పుణ్యాత్ములున్నారు. వాతలు పడ్డాయి.

తెల్లవారుజామున అలిసి నిద్రపోతే అప్పుడు తన్నేది. ఒకసారి కాదు. బొటనవేలు పైకి లేచి, చీలమండ వంగి, మోకాలు ముడుచుకుని ఒక్క విదిలింపు. మళ్ళీ ఇంచుమించు అర నిమిషానికి ఇంకొకటి. ఆవిడకి తెలియదు. మధ్యాహ్నం ఒకసారి షెడ్డుకు సెలవైన రోజు పడుకుని ఉండగా నేనే చూశాను. మొహం పసిపిల్ల మొహంలా ప్రశాంతంగా ఉంది. కాలు మాత్రం ఎవరినో తరుముతోంది.

లాజరు దానికి ఒక అర్థం కట్టాడు. అతను తెలివితక్కువవాడు కాదు. పాతికేళ్ళుగా తను కొడుతుంటే ఈ మనిషి ఎదురు చెప్పలేదు, కాబట్టి నోటితో అనలేనిది నిద్ర వంక పెట్టి కాలితో అంటోంది. అదీ అతని వాదం. వైన్ షాపు దగ్గర చెప్పాడు, చెరువుగట్టు మీద చెప్పాడు. విన్నవాళ్ళు ఔనన్నారు. ఎందుకు అనరు, వాళ్ళకీ ఇళ్ళల్లో పెళ్ళాలున్నారు.

మందుల షాపులో ఎవరో చెబితే దురదకు వాడే మాత్రలు తెచ్చి మింగించాడు, మత్తుగా పడుకుంటుందని. మత్తుగా పడుకుంది. కాలు మునుపటికంటే గట్టిగా తన్నింది. పెద్దమ్మ అరుగు మీద పడుకుంటానంది. అది విని అతను నవ్వాడట, వీధికి చెప్పుకుందామనా అని. అయినా వెళ్ళి పడుకుంది. జుట్టు పట్టుకుని గడప మీదుగా లోపలికి ఈడ్చాడు. మర్నాడు చెవి వెనకాల అరచేతి వెడల్పున వెంట్రుకలు లేవు. షెడ్డులో ఎలాగూ టోపీ పెట్టుకోవాలి కాబట్టి ఎవరికీ కనపడలేదు.

గడప మీద తొక్కింది ఆ తర్వాతి ఆదివారమే. తొక్కినా అతని కడుపు మండటం తగ్గలేదు. సంఘ పెద్దల దగ్గర పెట్టాడు.

సంఘ పెద్ద చిట్టియ్య. రిటైరైన బడి గుమాస్తా, తెల్ల పంచె, మెత్తటి గొంతు. కొట్టేవాడికంటే ఇలా మెత్తగా మాట్లాడేవాడంటేనే నాకు భయం. లాజరు ఇంట్లోనే చాప పరిచి ప్రార్థన పెట్టారు. ఆలుమగలు విడివిడిగా పడుకుంటే సాతానుకి సందు దొరుకుతుందని, కాబట్టి ఒకే మంచం మీద పడుకోవాలని, ఇకనుంచి భర్తను తన్ననని వాక్యం మీద చెయ్యి వేసి చెప్పాలని తేల్చారు.

"నిద్రలో జరిగేదానికి ఒట్టెలా వేస్తానండి?" అంది పెద్దమ్మ. "రేపు దగ్గొద్దని ఒట్టేయమంటారు. వేస్తానండి. దగ్గు వినాలిగదా."

ఎవరో ఆడమనిషి నవ్వింది. లాజరు లేచి అందరి ముందూ చెంప మీద కొట్టాడు. చిట్టియ్య అతని భుజం పట్టుకుని, ప్రార్థనలో వద్దు లాజరూ అన్నాడు. ప్రార్థనలో వద్దన్నాడు అంతే. తర్వాత బైబిలు ముందుకు జరిపాడు. పెద్దమ్మ పెదవి మీది రక్తం కొంగుతో తుడుచుకుని, ఆ చేత్తో ముట్టుకోకూడదని రెండో చెయ్యి వేసింది. తన్ననని చెప్పింది.

ఆవిడకి వాక్యమంటే మనలాంటి భక్తి కాదు. చర్చిలో పాట తప్పు పాడితే ఇంటికెళ్ళి కూడా కుములుతుంది. ఒట్టు వేసిన వారం తర్వాత షెడ్డు నుంచి నా ఆటోలో వస్తూ నాతో ఒక మాట అంది. రొయ్యల మేత బస్తాలు దింపి ఖాళీగా వచ్చేటప్పుడు ఆవిణ్ణి ఎక్కించుకునేవాణ్ణి. "ఆయన అన్నదాంట్లో నిజం ఉందేమోరా ఉదయా," అంది. "ఒకరోజు సగం నిద్రలో ఉన్నాను. ఆయన అబ్బా అన్నాడు. నాకు హాయిగా అనిపించింది. నాలో లేకపోతే కాలికి ఎక్కడినుంచి వస్తుంది?" నేను అప్పటికి భీమవరం లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. ప్రపంచ యుద్ధాల గురించి చెప్పమంటే చెప్తాను. ఆ ప్రశ్నకి మాత్రం గేరు మార్చి బండి వేగం పెంచాను.

కొద్దిరోజులకి లాజరు మంచిగా ఉన్నాడని విన్నాం. పెద్దమ్మ తన్నడం మానేసిందట. చిట్టియ్య ఆదివారం సాక్ష్యాల్లో పేరు చెప్పకుండా ఈ సంగతి చెప్పి దేవుణ్ణి స్తుతించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పెద్దమ్మ కూడా కొట్టింది.

ఎలా మానేసిందో ఎవరూ అడగలేదు.

చెరువుల్లో ఆక్సిజన్ కోసం తిరిగే చక్రాలను గట్టుకు లాగి కట్టే నీలం నైలాన్ తాడు ఒకటుంటుంది. చిటికెన వేలంత లావు. ఎండకీ ఉప్పునీటికీ ఏళ్ళతరబడి తెగదు. లాజరు తెచ్చి మూల పడేసిన ముక్కల్లోంచి ఒకటి తీసుకుని, పెద్దమ్మ రోజూ అతను పడుకున్నాక తన కుడి చీలమండకు రెండు చుట్లు తిప్పి, మంచం కోడుకు ముడి వేసుకునేది. తెల్లారకముందే లేచి విప్పుకునేది. తనలో ఉన్న పగను కట్టేస్తున్నాననుకుంది. వాక్యం మీద వేసిన ఒట్టును అలా నిలబెట్టుకుంది.

కాలు మానలేదు. అది తాడును తన్నింది. అర నిమిషానికొకసారి, గంటకి నూరుసార్లకు పైగా, ఐదు నెలలు. తాడు చర్మం కోసింది, చర్మం కింద మాంసం కోసింది. తెలిసుంటే రెండో రోజే మానేసేది. షుగరు ఆ కాలికి నొప్పి లేకుండా చేసింది. పొద్దున కొంచెం తడిగా ఉంటే గుడ్డ చుట్టి, మేజోడు తొడిగి, రబ్బరు బూటులో దూర్చి షెడ్డుకు వెళ్ళేది. పదిగంటలు ఆ కాలు ఐసునీళ్ళ మధ్య బూటులో నానేది. కుళ్ళిన వాసన వచ్చే ఉంటుంది. రొయ్య తలలు కుప్పలుగా పడి ఉండేచోట ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో లాజరు ఒళ్ళంతా అదే వాసన. పేటంతా అదే వాసన. మేము దానిలోనే పుట్టాం.

జూలైలో ఒకరోజు పని దిగేటప్పుడు బూటు ఊడి రాలేదు. పక్క బల్ల మీద పనిచేసే సూర్యకళ పట్టుకుని లాగింది. బూటు వచ్చింది, దానితో మేజోడు వచ్చింది, మేజోడుతో పాటు చర్మం వచ్చింది. బూటు వంచితే నల్లటి నీళ్ళు కారాయి. మూడు వేళ్ళు బొగ్గుల్లా ఉన్నాయి. చీలమండ చుట్టూ గాడి. ఆ గాడి అడుగున తెల్లగా కనిపించింది ఎముక. సూర్యకళ అక్కడే వాంతి చేసుకుంది. పెద్దమ్మ దాన్ని చూసి, "నాది చూస్తేనే ఇలా అయితే రొయ్యల పని ఏం చేస్తావే," అందట. తర్వాత గోడకానుకుని కూలబడింది.

మేత ఆటోలోనే పడుకోబెట్టి తీసుకెళ్ళాను. దారిలో ఆవిడ అడిగింది ఒక్కటే. కాలు ఉంటుందా? నిలబడగలనా? గతుకు వచ్చినప్పుడల్లా మళ్ళీ అదే. నేను ఉంటుందన్నాను. నేనెవణ్ణి అనడానికి.

ఆస్పత్రిలో నాకంటే కాస్త పెద్దవాడు, కుర్ర డాక్టరు గాయం చూశాడు. ఎలుక కొరికిందా, వైరు చుట్టుకుందా అని అడిగి, చివరికి తాడు సంగతి రాబట్టాడు. తాడు ఎందుకు కట్టుకున్నావమ్మా అన్నాడు. తన్నుతాను కాబట్టి అంది. అతను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"సాయంత్రమయ్యేసరికి కాళ్ళ లోపల ఏదో పాకినట్టుండి, కదిపితే గానీ ఊరుకోదా అమ్మా?"

పెద్దమ్మ అతని మొహంలోకి చూసింది. "మీకెవరు చెప్పారండి?" అంది.

ఎవరూ చెప్పలేదు, అది పుస్తకాల్లో ఉన్న రోగం. షుగరున్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుందన్నాడు. నరాలు దెబ్బతిన్నా, ఒంట్లో ఇనుము తగ్గినా వస్తుంది. మెలకువలో కాళ్ళు నిలవనివ్వవు, నిద్రలో వాటంతటవే తన్నుకుంటాయి, ఆ మనిషికి తెలియదు, మనసుతో దానికి పని లేదు. దురద మాత్రలు వేసుకుంటే కొందరికి ముదురుతుంది. ఇనుముకి మందుంది, కాళ్ళకీ మందుంది, చాలామందికి తగ్గుతుంది. ఇవన్నీ అతను మామూలుగా, రేపు వర్షం పడొచ్చు అన్నట్టు చెప్పాడు. ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళలో ఆవిడ తిన్న దెబ్బలన్నీ ఒక ప్రశ్న అడగనందుకు తిన్నవి.

"అయితే నాలో ఏం లేదాండి?" అంది పెద్దమ్మ.

డాక్టరుకి అర్థం కాలేదు. రక్తం తక్కువుందమ్మా అన్నాడు.

మర్నాడు మోకాలి కింద నుంచి తీసేశారు. విషం పైకెక్కుతోందని, ఆగితే మనిషి దక్కదని అన్నారు. తీసిన కాలు మాకే అప్పగించారు, పాతిపెట్టుకోమని. పచ్చ గుడ్డలో చుట్టి ఉంది. ఇంత బరువుంటుందని అనుకోలేదు.

వినీల రావులపాలెం నుంచి వచ్చింది. తల్లికి తెలివి వచ్చేదాకా మంచం పక్కనే నిలబడి, తర్వాత నన్ను పేటకి పద అంది. మిట్టమధ్యాహ్నం. లాజరు తెల్లవారుజామున చెరువులో రొయ్యల పట్టుబడికి వెళ్ళొచ్చి అదే మంచం మీద వెల్లకిలా నిద్రపోతున్నాడు. తాడు ఇంకా కోడుకే వేలాడుతోంది, రక్తం ఎండి కర్రలా బిగుసుకుపోయి. వినీలకి ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి, రెండు మడతలు వేసి, నిద్రపోతున్నవాడి కాళ్ళ మీద కొట్టింది.

అరిచి లేచాడు. పిక్కల మీద, మోకాళ్ళ మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టింది. అరుగు మీదికి దిగితే అక్కడా కొట్టింది. ఒక్కొక్క దెబ్బకీ తాడు గాలిలో ఈల వేసింది. అతను తిరగబడలేదు. మోచేతుల మీద చర్మం చిట్లి రక్తం కారుతుండగా చేతులు చాపి అన్నాడు. "మీ అమ్మే కట్టుకుందే. నేను ముడి కూడా వెయ్యలేదు. నాకసలు తెలీదు."

అది నిజం. వినీల చెయ్యి పైనే ఆగింది. అప్పుడే మొహం మీద కొట్టింది, అన్నిటికంటే గట్టిగా.

ఈసారి వీధి కదిలింది. గడప నాడు నిలబడ్డవాళ్ళే పరిగెత్తుకొచ్చారు. నలుగురు మగవాళ్ళు వినీల చేతులు విరిచి పట్టుకున్నారు. కన్నతండ్రిని కొడతావా అన్నారు. మా నాన్న కూడా అన్నాడు. నేను మా నాన్న చెయ్యి పట్టి లాగాను. కొంచెం ఎక్కువ గట్టిగానే లాగాను. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక కంచం దగ్గర కూర్చోలేదు.

చిట్టియ్య ఆస్పత్రికి అరటిపళ్ళు తెచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు. ఒట్టు గురించి ఎత్తలేదు. షెడ్డు వాళ్ళు ఆవిడ బూట్లు ఇంకొకరికి ఇచ్చారు.

పెద్దమ్మను వినీల తన దగ్గరికి తీసుకెళ్ళిపోయింది. దాని మొగుడు రావులపాలెం అరటి మార్కెట్లో లారీలకు గెలలు ఎత్తుతాడు. మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. ఈ మార్చిలో వెళ్ళాను. ఆవిణ్ణి చూడటం అదే ఆఖరు, మళ్ళీ వెళ్ళలేదు. అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, గెలల నుంచి కోసిన అరటి అత్తాలు ఏరుతోంది. పండినవి ఒకవైపు, దోరవి ఒకవైపు. మొండిమోకాలి మీద తువ్వాలు కప్పి ఉంది. ఎడమకాలు చాపుకుని ఉంది. నేను ఉన్న రెండు గంటల్లో ఆ కాలు ఒక్కసారి కూడా ఆడలేదు. రాత్రులు నిద్ర పడుతోందట, మందు పనిచేస్తోందట. ఇన్నేళ్ళకి నిద్రంటే ఇలా ఉంటుందని తెలిసిందిరా అంది. షెడ్డులో ఎవరెవరున్నారని అడిగింది. సూర్యకళ ఇంకా వాంతి చేసుకుంటుందా అని అడిగి నవ్వింది.

వెళ్ళబోతుంటే చెప్పింది, వారం కింద లాజరు వచ్చాడని. ఉతికిన చొక్కా వేసుకుని, చిట్టియ్యను తోడు తెచ్చుకుని వచ్చాడట. ఇదే అరుగు మీద కూర్చుని, ఇంట్లో వంటకి ఇబ్బందిగా ఉందన్నాడట. తర్వాత ఏదో వరం ఇస్తున్నవాడిలా, "ఇప్పుడింక తన్నవు గదా. వచ్చెయ్యి," అన్నాడట. చిట్టియ్య తల ఊపాడట.

నువ్వేమన్నావు అని అడిగాను.

ఆవిడ చేతిలోని అత్తాన్ని తిప్పి చూసి, దోరవాటి పక్కన పెట్టింది.

"ఏమంటానురా. ఉన్నన్నాళ్ళూ తెలియక తన్నాను. తెలిసి తన్నుదామనుకునేసరికి ఆ కాలు లేదు."